మీ రాజ్యంలో రోగం వస్తే ఊరు దాటేదెవరు?

తెలుగులో జానపద, ఫాంటసీ సినిమాలు తీస్తున్న దర్శకులకు, వాటికి కథలు అల్లే రచయితలకు,



మళ్లీ జానపదాల రోజులొచ్చాయి. గ్రాఫిక్స్ చేతికందాయో, మార్కెట్ దేశమంతా పాకిందో గానీ, ఎక్కడ చూసినా ఒక ఊహా రాజ్యం, దానికో పటం, ఆ పటానికో శాపం తయారవుతున్నాయి. విఠలాచార్య సినిమాలో పుర్రె మాట్లాడితే నోరు తెరుచుకుని చూసిన తరం మాది. లేని లోకాలు కట్టొద్దని మేమెందుకంటాం? నా పేచీ అంతా ఆ లోకాల్లో రోగం అడుగుపెట్టినప్పుడు మీరు చేసే పనితోనే.

ఆ వరస మీకూ తెలుసు. రాజ్యంలో అంతుచిక్కని జబ్బు పుడుతుంది. దానికి మూలం ఫలానా కుర్రాడి పుట్టుకేనని రాజగురువు తేలుస్తాడు. కాగడాలు పట్టుకుని జనం తరుముతారు. కుర్రాడు అడవిలో పడతాడు. ఇంటర్వెల్ దగ్గర అతని ఒంటిమీది మచ్చ దైవాంశ అని తెలుస్తుంది. చివర్లో ఒక వెలుగు, మచ్చ మాయం, పట్టాభిషేకం. అంతసేపూ దగ్గుతూ మూలుగుతూ కనిపించిన మిగతా రోగిష్టివాళ్లు ఏమయ్యారో ఎవరూ అడగరు. వాళ్లు జూనియర్ ఆర్టిస్టులు, పేమెంటు తీసుకుని వెళ్లిపోయారు.

ఇలాగే మొదలై వేరే దారి పట్టిన సినిమా ఒకటుంది. మీలో చాలామంది చూసే ఉంటారు. 1997లో జపాన్‌లో హయావో మియాజాకి తీసిన 'ప్రిన్సెస్ మొనొనొకే'. బొమ్మల సినిమాయే గానీ పిల్లల సినిమా అనుకుని కూర్చుంటే మొదటి పది నిమిషాల్లోనే ఉలిక్కిపడతాం. అషితాక అనే కుర్రాడు ఎమిషి అనే చిన్న తెగకు కాబోయే నాయకుడు. దయ్యం పట్టిన అడవిపంది ఒకటి ఊరి మీదికి వస్తుంటే, ఆడపిల్లల్ని కాపాడబోయి దాన్ని బాణం వేసి చంపుతాడు. ఆ పెనుగులాటలో దాని విషం కుడిచేతికి అంటుకుంటుంది. ఊరిపెద్ద అయిన ముసలావిడ రాళ్లు వేసి చూసి ఉన్నమాట చెబుతుంది: ఆ మచ్చ ఎముకల దాకా పోతుంది, నువ్వు చస్తావు, ఇక్కడ ఉండటానికి లేదు.

ఇక్కడే మియాజాకి పనితనం. ఊళ్లో ఒక్కరూ అరవరు, ఒక్క రాయీ పడదు. అందరికీ అతనంటే ప్రాణం. వెళ్లిపోతున్నందుకు పెద్దలు కుమిలిపోతారు. అయినా అతను అక్కడే, వాళ్ల ముందే, తన జుట్టుముడి కోసి పెడతాడు. రాత్రిపూట బయల్దేరాలి, ఎవరూ సాగనంపకూడదు, అది ఆచారం. ఒక్క పిల్ల మాత్రం దాన్ని మీరి వచ్చి చిన్న కత్తి చేతిలో పెడుతుంది. వెలివేతకు కోపం కూడా అవసరం లేదని, కళ్లనీళ్లు పెట్టుకుంటూనే వెలివేయవచ్చని ఆ సీను చూశాకే నాకు తట్టింది.

తర్వాత అతను పడమటికి పోయి, ఎబోషి అనే దొరసాని ఏలే ఇనుము కరిగించే ఊరు చేరతాడు. అక్కడ కొలిమితిత్తులు తొక్కేది వేశ్యావాటికల నుంచి ఆమె డబ్బిచ్చి విడిపించిన ఆడవాళ్లు. ఆమె తోట వెనక ఇంకో ఇల్లుంది, దాని దరిదాపులకు ఊరివాళ్లు రారు. లోపల ఒళ్లంతా గుడ్డకట్లతో ఉన్న రోగులు. కొందరు మంచాన పడి ఉన్నారు, కొందరు కూర్చుని తుపాకులు బిగిస్తున్నారు. అవును, తుపాకులే. వాటితోనే ఆవిడ అడవిని, అడవి దేవుళ్లను వేటాడుతోంది. తనకు శాపం తగలడానికి మూలం ఆ తుపాకులేనని తెలియగానే అషితాక రోగపు చెయ్యి తనంతట తానే కత్తి దూయబోతుంది. ఇంకో చేత్తో దాన్ని అదిమి పట్టుకుంటాడు. అప్పుడు ఎప్పటినుంచో మంచంలో ఉన్న ముసలి రోగి కట్ల లోపలినుంచి ఆమెను చంపొద్దని బతిమాలతాడు. మమ్మల్ని మనుషులుగా చూసింది ఈవిడొక్కతే, కుళ్లిన మా ఒళ్లు కడిగి కట్లు కట్టింది అంటాడు.

ఈ గదిని గుర్తుపెట్టుకోండి. మన సినిమాలో అయితే రోగుల్ని చేరదీసిన మనిషికి తెల్లచీర కట్టించి, వెనక వీణ వినిపిస్తాం. ఇక్కడ ఆదుకున్న మనిషే అడవికి చేటు. ఆదుకోబడినవాళ్లు ఆ చేటుకు పనిముట్లు చేసిపెడుతున్నారు, అదీ తమ పనితనం మీద కాస్త గర్వంతో. వాళ్లు జాలిగా చూడటానికి పెట్టిన బొమ్మలు కారు. వాళ్లకూ ఒక పక్షం ఉంది, తప్పో ఒప్పో.

ఆ గది గాల్లోంచి ఊడిపడలేదు. టోక్యో శివారులో హిగాషిమురయామ అనేచోట తామా జెన్షోఎన్ అని కుష్టురోగుల ఆశ్రమం ఉంది, 1909లో తెరిచారు. మియాజాకి ఇల్లు ఆ దగ్గర్లోనే. అక్కడికి నడుచుకుంటూ వెళ్లేవాడినని, అది చూశాక ఏదో మొక్కుబడిగా సినిమా తీయకూడదనిపించిందని, తాను గీసింది కుష్టురోగుల్నేనని 2016లో టోక్యోలో జరిగిన ఒక సభలో ఆయనే చెప్పాడు. ఆ ఆశ్రమం చుట్టూ ముళ్ల ఆకుల కంచె నాటారు, లోపలివాళ్లు బయటకు పోకుండా. పరదేశం నుంచి వచ్చే శత్రువును ఆపడానికి మీరు వేసే కోటగోడల సెట్‌కన్నా ఆ పచ్చటి కంచె నన్ను ఎక్కువ భయపెడుతుంది.

ఆ కంచె వెనక ఏం జరిగిందో చూడండి. జపాన్‌లో 1907లో మొదటి చట్టం వచ్చింది, 1931లో రోగులందర్నీ బతికినంతకాలం విడిగా ఉంచాలన్నారు. 1930ల్లో మా జిల్లాలో ఒక్క రోగీ లేడనిపించుకోవాలని జిల్లాలు పోటీపడ్డాయి. ఇరుగుపొరుగువాళ్లే వెళ్లి చెప్పేవాళ్లు. రోగిని తీసుకుపోయాక ఇంటినిండా తెల్లటి మందుపొడి చల్లేవారు. వీధంతా చూస్తుండగా ఇల్లు తెల్లబడిపోయేది, ఇక ఆ ఇంటి పిల్లకు సంబంధం రాదు. లోపలికి పోయినవాళ్లు చాలామంది పేరు మార్చుకునేవారు, ఇంటివాళ్ల పరువు కోసం. బయట చెల్లని సొంత నాణేలు వాళ్లకు. పెళ్లి చేసుకోవాలంటే మగవాడికి ముందు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలి. చచ్చిపోయాక అస్థికలు తీసుకుపోవడానికి కూడా ఇంటినుంచి ఎవరూ రాకపోతే అవి ఆశ్రమంలోనే ఉండిపోయేవి.

హోజో తమియో అనే కుర్రాడు 1934లో, ఇరవై ఏళ్లయినా నిండకుండా, ఈ జెన్షోఎన్‌కే వచ్చాడు. అప్పటికి దాని పేరు వేరు. లోపల కూర్చుని కథలు రాశాడు. కవబాతా యసునారి అంతటివాడు, తర్వాత నోబెల్ అందుకున్నాయన, వాటిని పత్రికలకు ఎక్కించాడు. 1937 డిసెంబరులో క్షయతో పోయాడు హోజో, ఇరవైమూడేళ్లకు. అది కలం పేరు. అసలు పేరు బయటపెట్టడానికి కుటుంబం ఒప్పుకున్నది 2014లో, అతను పుట్టి నూరేళ్లయ్యాక. వెలివేయబడ్డ యువకుడి కథకు ఇంతకన్నా బలమైన ఫ్లాష్‌బ్యాక్ ఏ రచయితైనా అల్లగలడా?

రోగుల్ని విడిగా ఉంచే చట్టాన్ని జపాన్ ఎత్తేసింది 1996లో. సినిమా వచ్చింది ఆ మరుసటి ఏడాది. మందు అప్పటికి కొన్ని దశాబ్దాలుగా ఉంది, సూక్ష్మజీవిని నార్వేలో హాన్సెన్ కనిపెట్టిందైతే 1873లోనే. అంటే జబ్బు లొంగింది గానీ కంచె లొంగలేదు. 2001లో కుమామొతో కోర్టు ప్రభుత్వానిదే తప్పంది, ప్రధాని కొయిజుమి అప్పీలుకు వెళ్లలేదు. 2003లో అదే కుమామొతోలో, ఎప్పుడో నయమైన ముసలివాళ్లు వస్తామంటే ఒక హోటల్ గదులివ్వనంది. 2019లో రోగుల పిల్లలు, తోబుట్టువులు పడ్డ కష్టానికీ పరిహారం ఇమ్మని తీర్పొచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ కాగడాల గుంపు మీద నాకు నమ్మకం లేదు. కాగడాలు తెర మీద బాగుంటాయి, నిజమే. కానీ రోగం పేరు చెప్పి మనిషిని పీడించిన చోటల్లా గుంపుతోపాటు కాగితాలూ ఉన్నాయి. 1630లో మిలాన్‌లో ప్లేగు పడినప్పుడు ఒకావిడ కిటికీలోంచి చూస్తుంటే ఒకతను గోడపక్కగా నడుస్తూ వేళ్లు గోడకు రాస్తున్నాడు. అతను ఆరోగ్యశాఖ ఉద్యోగి పియాజ్జా. రాసుకుంటూ పోతున్నాడు, వేళ్లకంటిన సిరా తుడుచుకున్నాడు. ప్లేగు పూస్తున్నాడన్నారు. చిత్రహింసలు పెడితే, ఎవరో ఒకరి పేరు చెప్పాలి కాబట్టి మోరా అనే మంగలి పేరు చెప్పాడు. ఇద్దర్నీ చంపారు. మంగలి ఇల్లు కూలగొట్టి ఆ జాగాలో వాళ్ల పాపం చాటుతూ స్తంభం నిలబెట్టారు. అది 1778 దాకా అక్కడే ఉంది. ఇదంతా విచారణ జరిపి, వాంగ్మూలం రాసి, ముద్ర వేసి చేసిందే. మీ రాజ్యంలో కరణాన్ని చూపించండి, కాపలాదారును చూపించండి, రోగి ఇంటిమీద గుర్తు వేసే కూలివాణ్ణి చూపించండి. ఆ కూలివాడు ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకునేముందు చేతులు కడుక్కుంటాడా లేదా అన్నది కాగడాల సీను కంటే ఎక్కువ చెబుతుంది.

ఇక మన ఇంటి సంగతి. మన దగ్గర సరుకు లేక కాదు. సాంబుడు కృష్ణుడి కొడుకు, తండ్రి శాపంతోనే కుష్టు వచ్చింది, సూర్యుణ్ణి కొలిచి పోగొట్టుకున్నాడు. నలుణ్ణి కర్కోటకుడు కాటేస్తే రూపం పోయి బాహుకుడై ఇంకొకరి గుర్రాలు తోలాడు. అశ్వత్థామకు భారతంలో పడ్డ శాపం ఎంత ఘోరమో తలుచుకోండి: మూడువేల ఏళ్లు చీమూనెత్తురూ ఓడుతూ, సకల రోగాలతో, పలకరించే దిక్కు లేకుండా తిరగాలి. 'కల్కి 2898 ఏడీ'లో గుడ్డపేలికలు చుట్టుకున్న అశ్వత్థామను చూడగానే ఇదిగో వచ్చాడు అనుకున్నాను. తీరా ఆయన మహాయోధుడు. ఆ సినిమాకు కావలసింది అదే కావచ్చు, కాదనను. కానీ పలకరించే దిక్కులేని ఆ మూడువేల ఏళ్లు మాత్రం ఇంకా ఎవరూ తీయలేదు.

మన జనం బుర్రలో కుష్టును ముద్ర వేసింది పురాణాల కన్నా నాటకమే అనుకుంటాను. 'రక్తకన్నీరు' తమిళంలో ఎం.ఆర్. రాధా చేశాడు, 1954లో సినిమా అయింది. తెలుగులో నాగభూషణం ఊరూరా ఆడి ఇంటిపేరే రక్తకన్నీరు చేసుకున్నాడు. పొగరుబోతు, భార్యను గాలికొదిలి వేశ్య పంచన చేరినవాడు, చివరికి పెద్దరోగం పట్టి వీధిన పడతాడు. ఆ వెటకారం, ఆ విసుర్లు అద్భుతం. నవ్వి నవ్వి చచ్చేవాళ్లం. కానీ పందిరి కింద కూర్చున్న వేలమందికి దానితోపాటే ఇంకో మాట కూడా ఎక్కింది: ఆ జబ్బు వచ్చిందంటే ఏదో చేసే ఉంటాడు అని. టిక్కెట్టు కొనుక్కుని మరీ వెనకవరసలో కూర్చున్న ఏ రోగికైనా ఆ రాత్రి ఇంటికి నడక ఎలా సాగిందో మరి.

మన చట్టాలూ జపాన్‌కు తీసిపోలేదు. కుష్టురోగుల్ని పట్టుకుపోయి మూసి ఉంచేందుకు 1898లో తెల్లదొరలు చేసిన చట్టాన్ని పుస్తకాల్లోంచి తీసేసింది 2016లో. మొగుడికో పెళ్లానికో ఈ జబ్బుందని చూపి విడాకులు అడిగే వీలు 2019 దాకా ఉండేది. లక్షకు పైగా కొత్త కేసులు ఏటా మన దేశంలోనే బయటపడుతున్నాయి, ప్రపంచం మొత్తం మీద సగానికి మించి. కాబట్టి ఇది పాతకాలపు రోగం, ఫాంటసీకి పనికొచ్చే రోగం అనుకోకండి. మీ సినిమా ఆడే హాల్లోనే ఎవరో ఒకరు చెయ్యి చొక్కాలోకి దాచుకుని చూస్తుంటారు.

అసలు ఈ జబ్బు లోపలి సంగతి తెలిస్తే మీ ఊహ ఇంకా పదునెక్కుతుంది. దీని మొదటి గుర్తు కురుపు కాదు, రంగు తగ్గిన మచ్చ. కళ్లు మూసుకోమని పెన్ను మొనతో తాకుతారు, ఎక్కడ తాకానో చూపించమంటారు. మచ్చ దగ్గర వేలు తప్పుతుంది. నరాలు చచ్చుబడి నొప్పి తెలియకుండా పోవడమే ఇందులో ఉన్న అసలు దెబ్బ. వేలూరులో పాల్ బ్రాండ్ అనే డాక్టరు చూసి చెప్పేదాకా, వేళ్లు రోగంతో వాటంతటవే రాలిపోతాయనుకునేవారు. కాదు, కాలే గ్లాసు పట్టుకుంటారు, చెప్పులో రాయితో మైళ్లు నడుస్తారు, రాత్రి నిద్రలో ఎలుక కొరికినా మెలకువ రాదు. అందుకని ఆయన ఇంటికి పంపేటప్పుడు రోగి వెంట ఒక పిల్లిని పంపేవాడు. పిల్లి!

ఇప్పుడు మీ సినిమాలో నొప్పి తెలియని వీరుణ్ణి తలుచుకోండి. ఒంట్లో పది బాణాలు దిగినా నవ్వుతూ నడుస్తాడు, ఈలలు పడతాయి. నొప్పి తెలియనివాడు నిజానికి రోజూ రాత్రి దీపం ముందు కూర్చుని అరికాళ్లు తిప్పి తిప్పి చూసుకోవాలి, ఎక్కడ తెగిందోనని. నీళ్లలో నానబెట్టుకోవాలి, గట్టిపడిన చర్మం రాయితో రుద్దాలి, నూనె రాసుకోవాలి. మేకులు లేకుండా మెత్తటి రబ్బరుతో చేసిన చెప్పులు వేసుకోవాలి. ఏ శక్తికి ఏ మూల్యమో చూపించడమే కదా ఫాంటసీ పని. అషితాక రోగపు చేతికీ రాక్షసబలం వస్తుంది. అతని బాణం తగిలితే తలలు, చేతులు ఎగిరిపోతాయి. ఆ బలం వాడినకొద్దీ మచ్చ పైకి పాకుతుంది. మియాజాకి ఆ లెక్క తప్పలేదు.

మందు సంగతి కూడా. మచ్చల్ని బట్టి ఆరు నెలలో ఏడాదో మాత్రలు వేసుకోవాలి. మొదటిరోజే మూత్రం ఎర్రగా వస్తుంది, ముందు చెప్పకపోతే హడలిపోతారు. వాటిలో ఒకటి ఒళ్లు నల్లబరుస్తుంది. అప్పటిదాకా ఎవరికీ తెలియని జబ్బు మందువల్ల నలుగురి నోళ్లలో పడుతుంది, ఏమ్మా ఇట్లా నల్లబడ్డావేం అని. నయమవుతున్నందుకు గుర్తు, వెలి పడటానికీ గుర్తు, రెండూ ఒకటే. మీ చివరి రీలులో వెలుగు కమ్మేసి చర్మం మెరిసిపోయేముందు ఈ సంగతి ఒక్కసారి తలుచుకోండి. మియాజాకి కూడా మహిమనే ఆశ్రయించాడు లెండి. ఆ కాలంలో మందు లేదు కదా, ఒప్పుకుందాం. కానీ అషితాక అరచేతిలో మచ్చ జాడ కొంచెం ఉంచాడు. సినిమా అయ్యాక కూడా అతను ఆ చేత్తోనే అన్నం తినాలి.

మీలో ఎవరికైనా ఆసక్తి ఉంటే సెట్ వేయకముందు ఒకసారి నిజామాబాద్ దారిలో డిచ్‌పల్లి వెళ్లిరండి. నూరేళ్ల కిందట ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ, ఆమె భర్త అక్కడ కుష్టు ఆసుపత్రి పెట్టారు, రాజా నర్సాగౌడ్ డబ్బిచ్చాడు. అప్పటికి ఉన్న మందల్లా అడవిబాదం నూనె ఇంజెక్షన్లు. చాలా నొప్పి, గుణం అంతంతమాత్రం. అయినా జనం నడిచొచ్చారు, ఊళ్లు దాటి. ఎక్కడో ఒకచోట తలుపు తెరిచి ఉందని తెలిస్తే మనిషి ఎంత దూరం నడుస్తాడో అక్కడ నిలబడి ఆలోచిస్తే మీ స్క్రిప్టుకు ఏదో ఒకటి దొరుకుతుంది. మేకప్ కోసం మాత్రం ఎవరి చేతుల్నీ ఫొటోలు తీయొద్దని మనవి.

చివరిగా ఒక్క కోరిక. అషితాక తిరిగి ఊరికి పోడు. కాలిపోయిన ఇనుము ఊరు మళ్లీ కడతానని అక్కడే ఉండిపోతాడు. అతన్ని అర్ధరాత్రి పంపేసిన ఎమిషి ఊరు మళ్లీ తెరమీదికి రానే రాదు. మర్నాడు పొద్దున్న అక్కడ ఏం జరిగిందో, అతని ఇల్లు ఎవరు ఊడ్చారో, కత్తి ఇచ్చిన పిల్లను ఎవరైనా మందలించారో, పొలానికి పోతూ పెద్దలు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకున్నారో మనకు తెలియదు. మియాజాకి వదిలేసిన సీను అది. కుర్రాడి వెంట కెమెరా పరిగెత్తించే తొందరలో మీరూ వదిలేయకండి. కనీసం పది నిమిషాలు ఆ ఊళ్లోనే ఆగండి.

ఇట్లు,
జానపదాల పాత ప్రేక్షకుడు